గల్లాపెట్టెలోకి ఎవరి డబ్బు వస్తుంది?

మా మేనత్త కొడుకు కువైట్‌లో పదకొండేళ్లు డ్రైవర్‌గా చేసి, ఇక చాలనుకుని కడపకు వచ్చేశాడు. చేతిలో పద్నాలుగు లక్షలున్నాయి. వచ్చిన వారానికే మా ఇంటికొచ్చి, అమ్మ పెట్టిన సంగటి తింటూనే జేబులోంచి ఒక మడత కాగితం తీశాడు. వరసగా రాసుకున్నాడు: టీ ఫ్రాంచైజీ, గానుగ నూనె, టిఫిన్ సెంటర్, టమోటా సాస్, మోటారు వైండింగ్.

"వీటిలో ఏది పెడితే బాగుంటాదో చెప్పబ్బీ, నువ్వు బ్యాంకులో లోన్లు ఇచ్చినోడివి కదా" అన్నాడు.

బ్యాంకులో ఉన్నప్పుడు నేను రోజూ విన్న ప్రశ్నే ఇది. అనంతపురం, కర్నూలు, కడప బ్రాంచుల్లో లోన్ల సీట్లో తొమ్మిదేళ్లు కూర్చున్నాను. బిజినెస్ పేరు విని అది నడుస్తుందో లేదో చెప్పగలిగింది ఒక్కసారి కూడా లేదు. ఒకే వీధిలో ఒక మెడికల్ షాపు ఓనరు ఇల్లు కడతాడు, నాలుగు గడపల అవతల ఇంకో మెడికల్ షాపు ఓనరు ఇల్లు అమ్ముకుంటాడు. బోర్డు మీద రాసింది ఒకటే. అందుకే దరఖాస్తు చేతికిచ్చిన వాళ్లను నేను అడిగేవాణ్ణి: మీ గల్లాపెట్టెలోకి వచ్చేది ఎవరి డబ్బు? ఏ నెలలో వస్తుంది? నగదా, అరువా? సగం మంది దగ్గర మొదటి ప్రశ్నకే జవాబుండేది కాదు. "ఎవరైనా కొంటారు సార్" అనేవాళ్లు.

ఎవరైనా కొనరు. మన జిల్లాల్లో తిరిగే డబ్బంతా ఒక రకం కాదు. ఉద్యోగస్తుల డబ్బు ఒకటో తారీఖున వచ్చి, ఇరవైకల్లా పలచబడుతుంది. విద్యార్థుల డబ్బు రోజుకు కొంచెం కొంచెంగా వస్తుంది. అనంతపురంలో జేఎన్‌టీయూ, ఎస్‌కే యూనివర్సిటీల చుట్టుపక్కల అంగళ్లకు అదే ఆధారం. ఎండాకాలం సెలవులిస్తే ఆ రెండు నెలలూ ఈగలు తోలుకోవాలి, అద్దె మాత్రం కట్టాలి. కర్నూలు, అనంతపురం మీదుగా హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే 44వ నంబరు హైవే మీద ఇంకో రకం డబ్బు పోతుంటుంది. ఆ మనిషి మళ్లీ రాడు, బేరం పెద్దగా ఆడడు, అరువు అడగడు. మంత్రాలయంలో గురువారం గిరాకీ వేరు, మంగళవారం గిరాకీ వేరు. కడప, రాయచోటి, రాజంపేట వైపు గల్ఫ్ డబ్బుంది. వాన పడినా పడకపోయినా అది వస్తుంది. వచ్చి ఎక్కువగా బంగారంలోకి, ఇంటి గోడల్లోకి పోతుంది. మా బావ దగ్గరున్న పద్నాలుగు లక్షలు కూడా ఆ డబ్బే.

ఇక అన్నిటికంటే పెద్దది పంట డబ్బు. అది ముద్దగా వస్తుంది, ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. అనంతపురంలో ఏడాది మొత్తానికి పడే వాన 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. జూన్, జులైల్లో వేసిన శనక్కాయ అక్టోబరు, నవంబరుకు చేతికొస్తుంది. ఈలోగా విత్తనాలు, ఎరువులు, మందులు, ఇంట్లోకి బియ్యం, పిల్లోడి ఫీజు అన్నీ ఎవరో ఒకరి ఖాతాలో రాయించుకున్నవే. ఎరువుల షాపాయన జూన్‌లో సరుకిచ్చి డిసెంబరులో వసూలుకు పోతాడు. ఊళ్లో పది లక్షల బాకీలుంటే, మన లెక్కలో రెండు రూపాయల వడ్డీకి ఆరు నెలలకు లక్షా ఇరవై వేలు. ఇది ఏ బిల్లులోనూ కనిపించదు. లాభం పుస్తకంలో ఉంటుంది, డబ్బు ఊళ్లో ఉంటుంది. ఆ సంవత్సరం వాన ఎగ్గొడితే పుస్తకంలోది పుస్తకంలోనే ఉండిపోతుంది. అలాగని ఎరువుల షాపు పెట్టకూడదని కాదు. ఆరేడు నెలలు డబ్బు బయట ఉన్నా నిద్రపట్టేవాడు, ఊరూరా ఎవరు ఎలాంటివాళ్లో తెలిసినవాడు పెట్టాలి. పదకొండేళ్లు కువైట్‌లో ఉండొచ్చిన మా బావకు మా పక్క ఊళ్లో ఎవరికి ఎన్ని ఎకరాలుందో కూడా గుర్తులేదు.

కాగితంలో రెండోది గానుగ నూనె. దీని మీద ఒక పూటంతా కూర్చున్నాం. శనక్కాయలు మన దగ్గరే పండుతాయి, జనానికి ఆరోగ్యం మీద ధ్యాస పెరిగింది, కల్తీ లేని నూనె అంటే ఎవరైనా కొంటారు. వినడానికి ఎక్కడా తప్పు దొరకదు. పెన్ను తీసుకుని లెక్క రాద్దాం బావా అన్నాను. ధరలు రోజూ మారతాయి కాబట్టి ఉజ్జాయింపుగా అనుకున్నవే ఇవి.

వంద కిలోల కాయ కొట్టిస్తే డెబ్బై కిలోల దాకా విత్తనాలు వస్తాయి. మనం విత్తనాలే కొంటున్నామని, కిలో 120 రూపాయలని అనుకుందాం. వంద కిలోలకు 12,000. కట్టె గానుగలో నూనె నలభై కిలోలు దిగుతుంది, అంటే సుమారు 44 లీటర్లు. నూనె తీశాక మిగిలే పిప్పి, అంటే చెక్క, ఒక 58 కిలోలు ఉంటుంది. కిలో నలభైకి అమ్మితే 2,320 వెనక్కి వస్తాయి. మిగిలిన 9,680ని 44తో భాగిస్తే లీటరుకు 220 పడింది. సీసా, లేబులు, కరెంటు, తీసుకుపోయే ఖర్చు అన్నీ ముప్పై వేసుకుంటే 250. మూడొందలకు అమ్మితే లీటరుకు యాభై మిగులుతుంది.

ఇక్కడిదాకా వచ్చేసరికి మా బావ ముఖం వెలిగిపోయింది. చాలామంది లెక్క ఇక్కడే ఆపేస్తారు.

షాపు అద్దె పది వేలు, పనిమనిషి జీతం పన్నెండు వేలు, మిషన్ల మీద తెచ్చిన లోనుకు వాయిదా పదమూడు వేలు, చిల్లర ఖర్చులు ఐదు వేలు. నెలకు నలభై వేలు. ఒక్క లీటరు అమ్మకపోయినా ఇవి కట్టాల్సిందే. నలభై వేలను యాభైతో భాగిస్తే ఎనిమిది వందల లీటర్లు. అప్పటికి మా బావకు జీతం సున్నా. ఒక ఇంట్లో నెలకు మూడు లీటర్ల నూనె వాడతారనుకుంటే, దాదాపు 270 ఇళ్లు ప్రతి నెలా తప్పకుండా మన దగ్గరే కొనాలి. ఆ వీధి మొదట్లో కిరాణా షాపులో పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్టు దీనికంటే బాగా తక్కువకు వేలాడుతుంటుంది. మూడొందలు పెట్టి నూనె కొనే ఇళ్లు ఎన్ని ఉన్నాయో ఎన్‌జీవో కాలనీలోనో, కొత్తగా అపార్ట్‌మెంట్లు లేచిన చోటో తిరిగి లెక్కపెట్టుకోవాలి. శనక్కాయ పండే ఊరు వేరు, గానుగ నూనె కొనే ఊరు వేరు. పండించే రైతు ఇంట్లోనే పామాయిల్ ప్యాకెట్టు ఉంటుందనేది మనందరికీ తెలిసిందే కదా.

ఇంకోటుంది. నెలకు 800 లీటర్లంటే పద్దెనిమిది క్వింటాళ్ల విత్తనాలు, అంటే రెండు లక్షల చిల్లర. పంట వచ్చినప్పుడు ధర కొంచెం దిగుతుంది కాబట్టి ఏడాదికి సరిపడా అప్పుడే కొనిపెట్టుకోవాలనుకుంటే ఇరవై ఆరు లక్షలు కావాలి. నెలనెలా కొంటే ధర పెరిగినప్పుడల్లా ఆ యాభైలోంచే కోత పడుతుంది. మిషన్లు ఆరు లక్షలకు వస్తాయని లోను రాసుకొచ్చేవాళ్లు, ఈ సరుకు డబ్బును రాసుకొచ్చేవాళ్లు కాదు. వర్కింగ్ క్యాపిటల్ అని బ్యాంకు ఫారంలో ఒక గడి ఉంటుంది. దాన్లో ఆడిటర్ ఏదో ఒక అంకె వేసేవాడు. ఆరు నెలల తర్వాత మిషన్ నిలబడి ఉండేది, విత్తనాలు ఉండేవి కావు.

టమోటా సాస్ సంగతి కూడా ఇలాంటిదే, కాకపోతే దీని మీద జాలి ఎక్కువ. పత్తికొండలో టమోటా కిలో రూపాయికి పడిపోయి రైతులు రోడ్డు మీద పారబోసిన ఫొటో వచ్చినప్పుడల్లా "ఇక్కడో సాస్ ఫ్యాక్టరీ పెట్టొచ్చు కదా" అని అందరూ అంటారు. నేనూ అన్నాను. కానీ మన మార్కెట్‌కు వచ్చేది కూర టమోటా. అందులో నీరే ఎక్కువ, గట్టి పదార్థం నాలుగైదు శాతమే. చిక్కటి పేస్టు కిలో కావాలంటే ఆరేడు కిలోల కాయ మరిగించాలి, అంత నీరు ఆవిరి చేయడానికి ఇంధనం కాలాలి. ఫ్యాక్టరీలు వాడే రకాలు వేరు, వాటిని రైతుతో ముందే మాట్లాడుకుని వేయించుకుంటారు. అన్నిటికీ మించి, రూపాయి ధర కొన్ని వారాలే ఉంటుంది. 2023 జులైలో అదే టమోటా కిలో వంద దాటింది. రూపాయి ధర చూసి పెట్టిన మిషన్ మిగతా నెలల్లో ఏం తినాలి? దీనికంటే ఎండబెట్టి ఒరుగులు చేసేవాళ్లది తెలివైన పని. పెట్టుబడి చిన్నది, కాయ దొరకనప్పుడు ఆపేసినా వాయిదా తరమదు.

టిఫిన్ సెంటర్ గురించి మా బావకున్న నమ్మకం చూస్తే ముచ్చటేసింది. పొద్దున ఏడుకు కారం దోసెల కోసం జనం నిలబడి ఉంటారు, చేతిలో నగదు పడుతుంది, అరువు లేదు, ఇవాళ కొన్న సరుకు ఇవాళే డబ్బవుతుంది. డబ్బు తిరిగే వేగం చూస్తే దీనికి మించింది లేదు, నిజమే. దీనికి గండం వేరే చోట ఉంది. అనంతపురంలో నేను లోనిచ్చిన ఒకాయన ఉగ్గాని, బజ్జీ, దోసెలతో బ్రహ్మాండంగా నడిపేవాడు. ఒక ఆదివారం పొద్దున దోసెలు పోసే మాస్టర్ రాలేదు. ముందురోజు అడిగిన పది వేల అడ్వాన్స్ ఇవ్వలేదని అలిగాడు. పిండి రుబ్బి ఉంది, పెనం వేడెక్కి ఉంది, బయట జనం ఉన్నారు. ఓనరే గరిటె పట్టుకున్నాడు. మొదటి నాలుగు దోసెలు పెనానికి అతుక్కుపోయాయి. ఎనిమిదిన్నరకు షట్టర్ దించేశాడు. ఆ సాయంత్రం మాస్టర్ ఇంటికి పోయి ఇరవై వేలు ఇచ్చొచ్చాడు. ఆ రోజు నుంచి ఆ సెంటర్‌కు అసలు ఓనరు ఎవరనేది వాళ్లిద్దరికీ తెలుసు. వ్యాపారంలో ఆయువుపట్టు లాంటి పని ఒకటుంటుంది. అది మనకు రావాలి, లేదా ఇంట్లో ఒకరికైనా రావాలి. రాకపోతే ఆరు నెలలు ఎక్కడైనా పనికి కుదిరి నేర్చుకోవాలి. "పద్నాలుగు లక్షలు పెట్టుకుని వేరే హోటల్లో గిన్నెలు కడగాల్నా?" అన్నాడు బావ. కడిగితే మంచిదే.

టీ ఫ్రాంచైజీ మీద ఎక్కువ మాట్లాడలేదు. ఫ్రాంచైజీ అమ్మేవాడికి షాపు అమ్ముడుపోయిన రోజే లాభం వచ్చేస్తుంది, మనకు టీ అమ్ముడుపోయినప్పుడు వస్తుంది. పొడి వాళ్ల దగ్గరే కొనాలి, రంగులు వాళ్లు చెప్పినవే వేయాలి. ఏడాదికి పక్క సందులో ఇంకో పేరుతో ఇంకోటి వస్తుంది.

అప్పుడు బావ మంచి ప్రశ్నే అడిగాడు. "పక్కపక్కన పెడితే దెబ్బ అంటాండావే, మరి ప్రొద్దుటూరులో బంగారు అంగళ్లు అన్ని పక్కపక్కనే ఎట్ల బతుకుతాండాయి?"

ఇది చాలామంది తికమకపడే చోటు. ప్రొద్దుటూరుకు బంగారం కోసం, బట్టల కోసం చుట్టుపక్కల నాలుగు జిల్లాల నుంచి వస్తారు. రెండో ముంబై అని పేరు. ఒక్క అంగడే ఉంటే ఎవరూ బస్సెక్కి రారు. వరసగా అన్ని ఉన్నాయి కాబట్టే, ఒకచోట నచ్చకపోతే ఇంకోచోట చూడొచ్చన్న ధైర్యంతో వస్తారు. ధర్మవరం పట్టుచీరలదీ అదే కథ, ఆదోని పత్తిదీ అదే. బేతంచెర్ల, తాడిపత్రిలో రాళ్ల పాలిష్ యూనిట్లు ఒకదాని పక్కన ఒకటి ఉండటంలో వాళ్లకు ఇంకో సుఖం ఉంది. మిషన్ ఆగితే మెకానిక్ పది నిమిషాల్లో వస్తాడు, కూలీలు అక్కడే ఉంటారు, లోడు కోసం లారీలు అక్కడే నిలబడి ఉంటాయి. అదే యూనిట్ ఒంటరిగా ఇంకో మండలంలో పెడితే ఇవన్నీ పిలిపించుకోవాలి. కాబట్టి కొనేవాడు ఎక్కడి నుంచి వస్తున్నాడో చూడాలి. బయటి ఊళ్ల నుంచి వచ్చేచోట అంగళ్లు పెరిగితే మార్కెట్ పెరుగుతుంది. మన వీధివాళ్లే కొనేచోట పెరిగితే ఉన్న సంగటి ముద్దనే నలుగురు తుంచుకుంటారు. మొబైల్ కవర్లు, టీ, జెరాక్స్ ఈ రెండో రకం. గుంపు మధ్యలోకి పోవాలనుకునేవాడికి ఇంకో దారి కూడా ఉంది: పాలిష్ యూనిట్ పెట్టేంత డబ్బు లేకపోతే, ఆ యూనిట్లన్నిటికీ రాయి కోసే బ్లేడ్లు అమ్మొచ్చు. కస్టమర్లు తక్కువ, కానీ అందరూ ఒకే రోడ్డు మీద ఉంటారు, బ్లేడు అరిగితే ఆ రోజే కొనాలి.

పెద్ద ఫ్యాక్టరీ వస్తే దాన్ని పట్టుకుని బతకొచ్చు అనుకోవడం ఇంకో ఆశ. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల ఉత్పత్తి మొదలైంది. కానీ విడిభాగాలు చేసే కంపెనీలు చాలావరకు కొరియా నుంచి దాని వెంటే వచ్చాయి. స్థానికులకు చిక్కేది బండ్లు తిప్పడం, భోజనాలు, గదుల అద్దెలు, మనుషుల్ని సప్లై చేయడం లాంటివి. డ్రైవర్ కాబట్టి బావకు బండ్ల కాంట్రాక్టు మీద కన్ను పడింది. అక్కడ చూడాల్సింది బిల్లు పాసయ్యే రోజు. చిన్న పరిశ్రమల కోసం 2006లో తెచ్చిన చట్టం ప్రకారం, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర చేయించుకునే నమోదు) ఉన్న సంస్థ దగ్గర సరుకో, సేవో తీసుకున్నవాడు 45 రోజుల్లోగా డబ్బు కట్టాలి. ఆలస్యమైతే ఆర్‌బీఐ ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. ఇది తయారీదారులకు, సేవలందించేవాళ్లకు వర్తిస్తుంది, కొని అమ్మే వ్యాపారులకు వర్తించదు. చట్టం బాగుంది. కానీ ఉన్న ఒకే ఒక్క కస్టమర్ మీద ఫిర్యాదు పెట్టేవాడెవడు? 45 రోజుల్లో ఒకటి రెండుసార్లు డ్రైవర్ల జీతాలివ్వాలి, రోజూ డీజిల్ పోయించాలి. ఆ డబ్బు మన దగ్గర ఉంటేనే కాంట్రాక్టు.

సబ్సిడీ చూసి బిజినెస్ ఎంచుకునేవాళ్లను నేను చాలామందిని చూశాను. 2008 నుంచి నడిచిన పీఎంఈజీపీలో (కొత్తగా యూనిట్ పెట్టేవాళ్లకు బ్యాంకు లోను మీద సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం) తయారీ యూనిట్‌కు యాభై లక్షల దాకా, సేవల యూనిట్‌కు ఇరవై లక్షల దాకా ప్రాజెక్టు చూపించే వీలుండేది. సబ్సిడీ జనరల్ వాళ్లకు పట్నంలో 15 శాతం, పల్లెలో 25 శాతం. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలు, మహిళలకు పట్నంలో 25, పల్లెలో 35. ఈ 35 శాతం అనే మాట చెవిలో పడగానే యూనిట్‌ను పల్లెకు మార్చేస్తారు, కొనేవాళ్లు పట్నంలో ఉన్నా సరే. పైగా ఆ డబ్బు చేతికి వస్తుందనుకుంటారు. రాదు. బ్యాంకులోనే మూడేళ్లు డిపాజిట్‌గా ఉంటుంది, యూనిట్ నడుస్తుంటే ఆ తర్వాత లోనులో జమ అవుతుంది. అంతమేరకు లోను మీద వడ్డీ పడదు, అదొక ఉపశమనం. మూడేళ్లు నడవగలిగే వ్యాపారానికే అది ఉపయోగపడుతుంది, నడవనిదాన్ని నడిపించదు. జీఎస్టీ అని ముందే టెన్షన్ పడటం కూడా అనవసరం. మన రాష్ట్రంలో సరుకులు అమ్మేవాళ్లకు ఏడాదికి నలభై లక్షల అమ్మకం దాటేదాకా మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషనే అక్కర్లేదు. సేవలకైతే ఇరవై లక్షలు.

చివరగా, సొంత షాపు ఉందన్న ధీమా. మా బావకు ఏడురోడ్ల దగ్గర్లో వాళ్ల నాన్న కట్టించిన ఒక గది ఉంది. "అద్దె లేదు కదా, అంతా మిగులే" అంటాడు. ఆ గది ఇప్పుడు నెలకు తొమ్మిది వేలు తెస్తోంది. దాన్ని ఖాళీ చేయించి తను కూర్చుంటే తొమ్మిది వేలు పోయినట్టే కదా. కువైట్ నుంచి తెచ్చిన పద్నాలుగు లక్షలు బ్యాంకులో వేసి ఊరుకున్నా ఏడాదికి ఎంతో కొంత వడ్డీ వస్తుంది. తను ఎక్కడైనా లారీ ఎక్కితే జీతం వస్తుంది. ఈ మూడూ కలిపిన దానికంటే ఎక్కువ మిగిలితేనే వ్యాపారంలో లాభం వచ్చినట్టు. ఈ మాట అన్నందుకు మా అత్తకు నా మీద కోపం వచ్చింది. కొడుకు మళ్లీ బండి ఎక్కాలని నేను అంటున్నాననుకుంది.

కాగితంలో చివరిది మోటారు వైండింగ్, అంటే కాలిపోయిన మోటారుకు తీగ మళ్లీ చుట్టి బాగుచేసే పని. మొదట నేనూ దాన్ని పట్టించుకోలేదు, తనకు ఆ పని రాదు కాబట్టి. తర్వాత ఆలోచిస్తే ఒక విషయం తట్టింది. బోరు మోటారు కాలిపోతే రైతు రేపటికి వాయిదా వేయలేడు. పులివెందుల వైపు అరటి తోటకు ఎండాకాలంలో నాలుగు రోజులు నీళ్లు లేకపోతే పంటే పోతుంది. ఎవరి దగ్గరైనా అప్పు చేసైనా బాగుచేయించుకుంటాడు. చీర రేపు కొనొచ్చు, మోటారు మాత్రం ఇవాళే బాగవ్వాలి. బావ చిన్నప్పటి స్నేహితుడు ఒకడు మైదుకూరులో ఇరవై ఏళ్లుగా వైండింగ్ చేస్తున్నాడు, ఎప్పుడూ వేరేవాళ్ల షాపులోనే. అతనికి పని వచ్చు, డబ్బు లేదు. ఇతనికి బండి నడపడం వచ్చు, డబ్బుంది. రైతు మోటారును ట్రాక్టర్‌లో వేసుకుని పట్నం రావాల్సిన పని లేకుండా, ఫోన్ చేస్తే తోట దగ్గరికే పోయి తెచ్చుకుని, బాగుచేసి దించేస్తే? వాటా ఎంత, అరువు ఇవ్వాలా వద్దా, వానలు బాగా పడిన ఏడాది పని తగ్గితే ఏం చేయాలి, ఇవన్నీ ఇంకా తేలలేదు.

రెండు వారాలుగా బావ మైదుకూరు పోయి వైండింగ్ షాపుల ఎదురుగా ఉన్న టీ అంగట్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుంటున్నాడు. చేతిలో చిన్న నోటుబుక్కు. మోటారు దించిన ప్రతి బండికీ ఒక గీత, దూరం ఊరి నుంచి వచ్చినదైతే పక్కన చుక్క. నిన్న రాత్రి ఫోన్ చేశాడు. "సోమవారం పంతొమ్మిది, మంగళవారం పదకొండు. మంగళవారం ఎందుకు తగ్గినాయో తెలీలా. రేపు ఆ షాపాయన్నే అడుగుతా, ఇప్పటికే నన్ను ఏదో ఆఫీసోడనుకుంటాండాడు."